బతికున్నవాడి పేరు

జన్విల్ చనిపోయాడని చెప్పినప్పుడు బ్లూమా ఏడవలేదు. కుర్చీలోంచి మెల్లగా లేచింది. బూట్లు విప్పింది. గోడకి వీపు ఆనించి నేల మీద కూర్చుంది.

"గంటసేపు కూర్చోవాలి," అంది. "ఎప్పుడో పోయినవాళ్ళ కబురు ఇప్పుడు అందితే ఏడు రోజులక్కర్లేదు, గంట చాలు. నువ్వు టీ పెట్టుకో పిల్లా. నాకొద్దు."

షిఫ్రా టీ పెట్టుకోలేదు. తనూ కొంచెం ఎడంగా నేల మీదే కూర్చుంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి చలికాలంలో చల్లటి గచ్చు మీద కూర్చుంటే తను కుర్చీలో కూర్చోలేకపోయింది. కిటికీ బయట జెరూసలేం వాన ఆగకుండా కురుస్తోంది. షిఫ్రాకి కళ్ళు మూతలు పడుతున్నాయి. చావు కబురు మోసుకొచ్చి, ఆ ఇంట్లోనే కునుకు తీయడం ఎంత సిగ్గుచేటో తెలిసినా రెప్పలు ఆగడం లేదు.

అలసట ఆ ఒక్కరోజుది కాదు. స్కూలు చదువు అయిపోయాక, కాలేజీలో చేరేముందు, యూదుల చరిత్ర చదువుకుంటానని జొహానెస్‌బర్గ్ నుంచి వచ్చింది. ఇల్లు విడిచి వచ్చిన అలాంటి ముప్పైమందితో కలిసి హాస్టల్లో ఉంటోంది. పొద్దున క్లాసు. మధ్యాహ్నం ఏదో ఒక కొండ, ఆ కొండ మీద కూలిపోయిన గోడ, ఆ గోడ ముందు ఇంకో క్లాసు. మూడు వేల ఏళ్ళ చరిత్రని ఒక్క ఏడాదిలో కాళ్ళతో తొక్కించాలని మాస్టారి పట్టుదల. చలికాలం మొదలవగానే ఒక్కొక్కరికీ ఒక్కో ముసలి మనిషిని అప్పగించాడు. వాళ్ళ కుటుంబంలో తెగిపోయిన దారం ఏదో ఒకటి వెతికి ముడివెయ్యండి, అదే మీ పరీక్ష అన్నాడు. కొందరికి పాత వంటలు దొరికాయి. కొందరికి పాటలు దొరికాయి. షిఫ్రాకి మాత్రం తప్పిపోయిన తమ్ముడు దొరికాడు.

బ్లూమా చెప్పిన కథ చిన్నది. రొమేనియా నుంచి పిల్లలుగా ఇక్కడికి వచ్చారు. తమ్ముడు జన్విల్ పెద్దయ్యాక, మనకి సరిపడని పిల్లని చేసుకుని, నాన్నతో గొడవపడి దక్షిణానికి వెళ్ళిపోయాడు. ఇంటిపేరు మార్చుకున్నాడని ఎవరో చెప్పారు. మళ్ళీ కబురు లేదు. ఆ పిల్ల ఎవరు, ఎందుకు సరిపడదు అని అడిగితే బ్లూమా మాట మార్చేసేది.

ఇంటిపేరు తెలియకుండా మనిషిని వెతకడం ఎలా? షిఫ్రా ఒంటిపేరు పట్టుకుంది. జన్విల్ అని ఈ కాలంలో ఎవరూ పెట్టరు. అది ముత్తాతల నాటి పేరు. ఇంటర్నెట్టంతా జల్లెడ పడితే ఒక్కడు దొరికాడు. దక్షిణపు ఎడారి ఊరు డిమోనాలో ఫుట్‌బాల్ ఆడే ఇరవై రెండేళ్ళ కుర్రాడు. ఫోటో కింద రాసుకున్నాడు: ఈ పేరు మా తాతది, ఆయన రొమేనియా నుంచి వచ్చి డిమోనాలో ఫాస్ఫేట్ లారీ తోలాడు అని. షిఫ్రా మెసేజ్ పంపింది. జవాబు లేదు. సైన్యం నుంచి పిలుపు వచ్చి వెళ్ళాడేమో, అక్కడ ఫోన్లు ఉండవు.

జవాబు రాకపోయినా లెక్క తేలిపోయిందనుకుంది. షిఫ్రా వాళ్ళ ఇంట్లో, వాళ్ళ చుట్టాలందరి ఇళ్ళల్లో, పుట్టిన బిడ్డకి పోయినవాళ్ళ పేరే పెడతారు. బతికున్న పెద్దల పేరు పెట్టడమంటే మృత్యుదూతకి దారి చూపించడమే. పేరు పిలుచుకుంటూ వచ్చి ముసలాయన బదులు పసివాణ్ణి తీసుకుపోతే? మనవడికి జన్విల్ అని పేరు పెట్టారంటే ఆ పాటికే తాత పోయి ఉండాలి. అంటే ఇరవై రెండేళ్ళకి ముందే పోయాడు. ఇందులో అనుమానించడానికేముంది?

పైగా గురువారం గురువారం తలుపు తీస్తూనే బ్లూమా ఒకటే అడిగేది. ఆ వారం అడగడంలో తేడా వచ్చింది.

"ఉన్నాడా, పోయాడా? ఏదో ఒకటి చెప్పెయ్యి పిల్లా. ఎదురుచూసి ఎదురుచూసి విసుగొచ్చింది."

చెప్పేసింది.

గంట గడిచాక బ్లూమా షిఫ్రా భుజం పట్టుకుని లేచింది. ముందు చేసిన పని తను వెళ్ళే ప్రార్థనామందిరం సినగాగ్ పెద్దకి ఫోన్. ఈ శనివారం మా తమ్ముడి ఆత్మ కోసం ప్రార్థన చదివించండి, పేరు చెప్పి చదవండి, ఇన్నాళ్ళూ ఎవరూ చదవలేదు అంది. ఫోన్ పెట్టేసి షిఫ్రా చెంప నిమిరింది. నువ్వు నాకు పెద్ద పని చేసిపెట్టావు అంది.

హాస్టల్‌కి వచ్చేసరికి గదిలో లూనా బట్టలు మడత పెడుతోంది. లూనాది ఇస్తాంబుల్. నాలుకకి ఎముక లేదని ఆ పిల్లని చూసే అని ఉంటారు. షిఫ్రా మంచం మీద పడి సంగతంతా చెప్పింది. లూనా ఫోన్ లాక్కుని ఆ కుర్రాడి ఫోటోలు చూస్తూ ఒకచోట ఆగింది. అక్క పెళ్ళికి ముందు తీసిన ఫోటో అది. ఆడవాళ్ళందరూ జరీ అంగీల్లో ఉన్నారు, పెళ్ళికూతురి అరచేతిలో గోరింటాకు ముద్ద.

"ఏమే, వీళ్ళు మొరాకో వాళ్ళే," అంది.

"అయితే?"

"అయితే ఏంటే. మా ఇంట్లో నిస్సిములు ముగ్గురు. మా తాత, మా అన్న, మా బాబాయి కొడుకు. మా అమ్మ 'నిస్సిం, ఉప్పందుకో' అంటే బల్ల మీదకి మూడు చేతులొస్తాయి."

షిఫ్రా లేచి కూర్చుంది. "తాత బతికుండగానే పెట్టారా?"

"బతికుండగా పెట్టాలే మొద్దూ. పోయాక పెడితే ఆయన మురిసేదెప్పుడు? మొరాకో వాళ్ళలోనూ చాలామందికి అంతే. పెద్ద మనవడికి తాత పేరు పెట్టకపోతే ఆ ముసలాయన ఏడాదిపాటు మొహం తిప్పుకుంటాడు." లూనా ఫోన్ ఒళ్ళో పడేసింది. "ఎవరి ఆచారం ఏంటో మాస్టారు రెండు వారాలు చెప్పాడు కదా. నిద్రపోయావా?"

"నిద్రపోయాను," అంది షిఫ్రా. అది నిజమే.

సరిపడని పిల్ల ఎవరో ఇప్పుడు అర్థమైంది. మొరాకో యూదుల పిల్ల; యూరప్ నుంచి వచ్చిన యూదులు ఆ రోజుల్లో వాళ్ళని తక్కువగా చూసేవాళ్ళు. బ్లూమా ఎందుకు మాట మార్చేదో కూడా అర్థమైంది. బతికే ఉన్నాడేమో, ఆ మనిషికి అక్క చేత గంటసేపు మైల పట్టించింది తను. శనివారం పొద్దున సినగాగ్‌లో అందరి ముందూ ఆ పేరు చనిపోయినవాళ్ళ వరసలో చదువుతారు. శుక్రవారం సాయంత్రం వారపు విశ్రాంతి దినం షబ్బాత్ మొదలైతే బ్లూమా ఫోన్ ముట్టదు. బస్సులూ ఉండవు.

ఇప్పుడే ఫోన్ చేసి చెప్పెయ్యమంది లూనా. షిఫ్రా చెయ్యలేదు. ఏమని చెప్పాలి? ఉండొచ్చు అనా? ఒకసారి ఊహ చెప్పి నేల మీద కూర్చోబెట్టింది. ఇంకో ఊహ చెప్పి లేపితే, రేపు ఆయన నిజంగానే పోయి ఉంటే, ఆ మనిషిని మళ్ళీ కూర్చోబెట్టాలి. ఈసారి కళ్ళతో చూసి చెప్పాలనుకుంది.

లూనా తోడు రానంది. షబ్బాత్ వంట ఆ వారం ఆమె వంతు. "నీ తప్పు, నీ బస్సు," అని రెండు రొట్టెల మధ్య ఉడికించిన గుడ్డు, వంకాయ ముక్కలు పెట్టి చేతికిచ్చింది.

పొద్దున మొదటి బస్సు పట్టుకుంది. బేర్‌షెబాలో దిగి ఇంకో బస్సు. కొండలు అయిపోయి, పచ్చదనం అయిపోయి, దుమ్మురంగు నేల మొదలైంది. బస్సు నిండా ఇంటికి వెళ్ళే సైనికులు. తుపాకులు ఒళ్ళో పెట్టుకుని నోళ్ళు తెరుచుకుని నిద్రపోతున్నారు. వాళ్ళూ తన ఈడువాళ్ళే. షిఫ్రా మాత్రం కళ్ళు మూస్తే చాలు, బూట్లు లేని బ్లూమా పాదాలు కనిపిస్తున్నాయి.

ఆ కుర్రాడి ఫోటోల్లో ఒక బేకరీ ఉంది, మా మామయ్యది అని రాసి. డిమోనాలో దిగి దారి అడుక్కుంటూ అక్కడికే వెళ్ళింది. షబ్బాత్ రొట్టెల కోసం జనం తోసుకుంటున్నారు. పిండి అంటిన మీసాల మనిషి ఒకడు సంచుల్లోకి రొట్టెలు విసురుతున్నాడు. షిఫ్రా వంతు రాగానే రొట్టె అడగకుండా మనిషిని అడిగింది. జన్విల్ వాళ్ళ ఇల్లెక్కడ?

ఆ మనిషి చెయ్యి ఆపకుండానే అన్నాడు. "ఏ జన్విల్? చిన్నోడా, పెద్దోడా?"

షిఫ్రా ఒక అడుగు ముందుకి జరిగింది. గాజు బల్ల అంచు పట్టుకుంది.

"పెద్దోడు," అంది. "పెద్దాయన ఉన్నారా?"

"ఇందాకే వచ్చి రొట్టె మాడ్చానని నాతో గొడవేసుకుని వెళ్ళాడు. ఉండక ఏం చేస్తాడు." వెనక లైన్లో వాళ్ళు నవ్వారు. "నీలం తలుపు, మందుల షాపు పక్క మెట్లు. వెళ్తే వెళ్ళావు గానీ రొట్టె బాగుందని మాత్రం చెప్పకు, కొడతాడు."

తలుపు తీసింది ఒక పొట్టి ముసలామె. తలకి పూల రుమాలు కట్టుకుంది. ఎవరు, ఏంటి అని అడగలేదు. చలికి ముడుచుకుపోయిన పిల్లని చూసి లోపలికి లాగి, హీటర్ ముందు కూర్చోబెట్టి, పుదీనా టీ గ్లాసు చేతిలో పెట్టింది. ఆ తర్వాతే, "ఎవరి పిల్లవమ్మా?" అంది.

సోఫాలో ట్రాక్‌సూట్ వేసుకున్న ముసలాయన కూర్చుని ఉన్నాడు. బ్లూమా ముక్కే ఆయనది. ఆ ముక్కు చూశాక ఇంకే సాక్ష్యమూ అక్కర్లేకపోయింది. షిఫ్రా జరిగింది జరిగినట్టు చెప్పింది. తడబడకుండా చెప్పాలని దారి పొడుగునా అనుకుంది గానీ సగంలో ఏడుపొచ్చింది. మీ అక్క మీరు పోయారనుకుని నిన్న గంటసేపు నేల మీద కూర్చున్నారు తాతగారూ, ఆ తప్పు నాది అంది.

జన్విల్ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గుగా మారింది. ముసలామె వచ్చి వీపు రాస్తే తగ్గింది.

"గంటేనా?" అన్నాడు. "నేను పెళ్ళి చేసుకున్నప్పుడు మా నాన్న ఏడు రోజులూ కూర్చున్నాడు. రబ్బీ వచ్చి, ఇది తప్పురా, పిల్ల యూదుల పిల్లే కదా అని మొత్తుకున్నా లేవలేదు. ఏడు రోజులెక్కడ, గంటెక్కడ. నా విలువ పడిపోయింది."

"ఆవిడకి తెలియదు తాతగారూ. నేను చెప్పింది నమ్మారు. మనవడి పేరు చూసి, మీరు లేరని నేనే అనేసుకున్నాను."

"నువ్వూ మావాళ్ళ పిల్లవే అన్నమాట." ఆయన ఆమెని తేరిపార చూశాడు. "వీడు పుట్టినప్పుడు నా పేరు పెడతానని కోడలంటే నేనూ భయపడ్డాను. మా అమ్మ ఉంటే గుండె బాదుకునేదే. ఎనిమిదో రోజున పేరు చదువుతుంటే చొక్కా తడిసిపోయింది. ఏమీ కాలేదు. ఇప్పుడు ఈవిడ జన్విల్ అని అరిస్తే ఇద్దరం పలకం, అంతే తేడా."

ముసలామె ఏదో తన భాషలో అంది. ఆయన నోరు మూసుకున్నాడు.

షిఫ్రా ఫోన్ తీసింది. ఒక్క మాట మాట్లాడండి, చాలు అంది. ఆయన ఫోన్ వైపు చూడనే లేదు.

"వద్దు. చదివించుకోనీ. నన్ను పోయినవాళ్ళలో కలిపేసి చాలా ఏళ్ళైంది. ఇప్పుడు ప్రార్థన కూడా దొరుకుతోంది, నాకేం పోయింది?" గొంతులో కోపం కూడా లేదు. బరువు దించుకున్న కూలీ గొంతులా ఉంది. "పెళ్ళైన వారానికి ఈవిణ్ణి తీసుకుని ఆ ఇంటికి వెళ్ళాను. ఈవిడ చేతిలో తినడానికేదో చేసి పట్టుకొచ్చింది. తలుపు మా అక్కే తీసింది, ఇంతే తీసింది. నాన్న ఇంట్లో లేడు అంది. లోపల నాన్న దగ్గుతున్నాడు. నాకు వినబడింది. ఈవిడకీ వినబడింది."

షిఫ్రా ఫోన్ సంచిలో పెట్టేసింది. టీ గ్లాసు చల్లారిపోయింది.

"ఊరికే కూర్చోక వెళ్ళు, బస్సులు ఆగిపోతాయి," అన్నాడు చివరికి. తలుపు దాకా వెళ్ళాక వెనక్కి పిలిచాడు. "మా అక్కకి నిజం చెప్పేట్టయితే ఒకటి అడుగు. నా భార్య పేరేంటో అడుగు. చెప్పగలిగితే రమ్మను. చెప్పలేకపోతే నేను పోయినట్టే ఉండనీ."

ముసలామె మెట్ల దాకా వచ్చి, ఇంకా వేడిగా ఉన్న పొట్లం ఒకటి షిఫ్రా సంచిలో దూర్చింది. "ఆయన మాటలకేంలే," అంది. "నా పేరు సొలికా. జాగ్రత్తగా వెళ్ళమ్మా."

బేర్‌షెబా చేరేసరికి జెరూసలేం చివరి బస్సు వెళ్ళిపోయింది. షేర్ వ్యాను ఒకటి దొరికింది. డ్రైవరు సీట్లు నిండితే గానీ కదలనన్నాడు. చలికాలపు పొద్దు, ఎంతసేపుంటుంది? కూర్చున్నవాళ్ళంతా గడియారాలు చూసుకుంటూ తిట్టుకుంటుంటే షిఫ్రా కిటికీకి తల ఆనించింది.

చెప్పకపోతే? ఆయనే వద్దన్నాడు. బ్లూమాకి అరవై ఏళ్ళ ఎదురుచూపు తీరింది. చెంప నిమిరి మెచ్చుకుంది కూడా. ఆదివారం క్లాసులో అందరి కథలూ సగంలో ఆగితే తన కథకే ముగింపు ఉంటుంది. నోరు మూసుకుంటే అందరూ సుఖంగా ఉంటారు. నిజం చెప్తే ఆ ముసలామె మొదట నా తమ్ముడున్నాడని గంతేస్తుంది, వెంటనే వాడు నన్ను వద్దన్నాడని కుప్పకూలుతుంది. అలిసిపోయిన బుర్రకి ఇంతకంటే మంచి దారి కనబడలేదు. హాస్టల్‌కి వెళ్ళి పడుకుందాం, అంతే అనుకుంది.

కానీ వ్యాను కొండ ఎక్కుతున్నప్పుడు సినగాగ్ గుర్తొచ్చింది. రేపు పొద్దున ఆ పేరు గట్టిగా చదువుతారు. ఆ పేరుగల మనిషి అప్పుడు డిమోనాలో కూర్చుని, రొట్టె మాడిందని బేకరీ మనిషిని తిడుతూ ఉంటాడు. తను మాత్రం ఆ రెండూ తెలిసి దుప్పటి కప్పుకుని పడుకోవాలి. ఆ నిద్ర పట్టదని తెలిసిపోయింది.

ఇది ఫోన్‌లో చెప్పే మాట కాదనుకుని వ్యాను దిగింది. బ్లూమా ఇంటి వీధిలోకి మలుపు తిరిగేసరికి షబ్బాత్ వేళైందని సైరన్ మోగింది. మిగిలిన దూరం పరిగెత్తింది.

బ్లూమా అగ్గిపుల్ల చేత్తో పట్టుకుని కొవ్వొత్తుల ముందు నిలబడి ఉంది. తలుపు తోసుకొచ్చిన పిల్లని చూసి, మొహం చూసి, అగ్గిపుల్ల కింద పెట్టింది.

"బతికే ఉన్నారు," అంది షిఫ్రా. ఇంకేం ముందుమాట రాలేదు. "మీ తమ్ముడు బతికే ఉన్నారు మామ్మగారూ. చూసొచ్చాను. నేను చెప్పింది తప్పు."

బ్లూమా దగ్గరికొచ్చి షిఫ్రా మొహంలోకి చూసింది. తర్వాత ఎవరూ ఊహించని ప్రశ్న వేసింది. "పళ్ళున్నాయా?"

"ఉన్నాయి. కట్టుడువి అనుకుంటా."

"లావయ్యాడా?"

"కొంచెం."

"చిన్నప్పుడు పుల్లలా ఉండేవాడు." కుర్చీ వెతుక్కుని కూర్చుంది. రేపు పొద్దున అందరికంటే ముందు వెళ్ళి ఆ ప్రార్థన ఆపించాలి అంది. ఆ తర్వాత అడగాల్సింది అడిగింది. "ఏమన్నాడు?"

షిఫ్రా మొత్తం చెప్పింది. నాన్న దగ్గు సంగతి కూడా దాచలేదు. చివర్న ఆయన అడగమన్నది, భార్య పేరేంటని, అడిగింది. గడువు దాటకముందే వెలిగించాలని బ్లూమా లేచి కొవ్వొత్తులు వెలిగించింది. కళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుని మంత్రం చదివింది. మంత్రం అయిపోయింది గానీ చేతులు తియ్యలేదు.

"తెలియదు," అంది చేతుల చాటు నుంచే. "మా ఇంట్లో ఎవరూ ఆ పిల్ల పేరు పలకలేదు. నేనూ అడగలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగాలని తోచలేదు."

"ఆవిడ పేరు..." అని షిఫ్రా మొదలుపెట్టింది.

బ్లూమా చేతులు దించింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది. "చెప్పకు."

"చెప్తే మీరు వెళ్ళొచ్చు కదా. ఆయనకి నేను చెప్పాననే తెలియదు."

"ఆ తలుపు తీసింది నేను. పేరు నీ దగ్గర అప్పు తెచ్చుకుని పోతానా?" బ్లూమా తల అడ్డంగా ఊపింది. "ఆ పిల్లనే అడుగుతాను. బతికుంది కదా?"

"ఉంది. నాకు టీ ఇచ్చింది." షిఫ్రాకి సంచిలో పొట్లం గుర్తొచ్చి తీసి బల్ల మీద పెట్టింది. నువ్వులద్దిన బిస్కెట్లు. నూనెకి కాగితం తడిసిపోయింది.

బ్లూమా వాటి వంక చూసింది, ముట్టుకోలేదు. ఆ రాత్రికి షిఫ్రా అక్కడే ఉండిపోవాలి, నడిచి వెళ్ళే దూరం కాదు. బ్లూమా అలమారలోంచి దుప్పటి తెచ్చి సోఫా మీద వేసింది. షిఫ్రా భోజనం అయ్యేదాకా కూడా ఆగలేక అలాగే ఒరిగింది. కళ్ళు మూతపడుతుంటే బ్లూమా గొంతు వినబడింది.

"పిల్లా. వాడి ఇల్లు ఎన్నో అంతస్తు?"

"నాలుగు. లిఫ్టు లేదు."

బ్లూమా తన మోకాళ్ళని రెండు చేతులతో పట్టుకుని, బేరం కుదరని సరుకుని చూసినట్టు చూసుకుంది.

"అయితే ఆదివారం తెల్లారగట్లే బయల్దేరాలి," అంది.